పాఠకుణ్ణి చిరునామా అడగకండి

వికారాబాద్ జిల్లాలోని తాండూరు మార్కెట్ యార్డులో కందుల ధర యార్డు ప్రహరీ లోపలే తేలిపోయేది కాదు. 2021 మే 15న కేంద్ర ప్రభుత్వం కందుల దిగుమతిని ఆంక్షల జాబితాలోంచి తీసి, ఎవరైనా స్వేచ్ఛగా తెచ్చుకోవచ్చని ప్రకటించింది. ఆ వెసులుబాటు గడువును పొడిగించుకుంటూ పోయి 2026 మార్చి 31 దాకా తెచ్చింది. ఇంకోపక్క మద్దతు ధరను 2024-25కు క్వింటాలుకు 7,550 రూపాయలుగా, 2025-26కు 8,000 రూపాయలుగా నిర్ణయించింది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని పండించే రైతుకూ, ఆ కందిని పప్పు చేసే మిల్లు యజమానికీ ఈ కాగితాలు వానకబురంత ముఖ్యమైనవి. అవి రహస్యాలేమీ కావు, వెలువడిన రోజే ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటాయి. అయినా రైతుకు ఆ కబురు అడ్తిదారు నోటి మాటగానో, మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లుగానో, తేదీ లేని వాట్సాప్ ఫార్వర్డ్‌గానో చేరుతుంది. సమాచారం ఉంది, చదవగలిగే మనిషి ఉన్నాడు, చేతిలో ఫోనూ ఉంది. వీటి మధ్య దారి మాత్రం సరిగ్గా వేయలేదు. ఆ దారి వేయడానికి పనికొచ్చే పరికరం పాతికేళ్లకు పైగా మన మధ్యే ఉంది. దాని పేరు ఫీడ్ రీడర్. ఆ పరికరాన్ని మామూలు మనిషికి అందేలా ఎందుకు చేయలేకపోయాం, ఎలా చేయొచ్చు అన్నదే ఈ వ్యాసం విషయం.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఒక వెబ్‌సైటు తనలో కొత్తగా చేరిన అంశాల శీర్షిక, తేదీ, కొంత పాఠం, లంకె ఒక క్రమపద్ధతిలో రాసి ఉంచే చిన్న ఫైలు ఫీడ్. మీకు కావలసిన పది ఇరవై సైట్ల ఫీడ్లను మాటిమాటికీ చూసి వచ్చి, కొత్తవి ఒకచోట పేర్చి చూపే సాఫ్ట్‌వేర్ ఫీడ్ రీడర్. 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ ఆర్‌ఎస్‌ఎస్ పేరుతో దీని తొలి రూపాన్ని విడుదల చేసింది. 2002లో ఆర్‌ఎస్‌ఎస్ 2.0, 2005 చివర ఆటమ్ అనే మరో ప్రమాణం వచ్చాయి. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ రీడర్ మొదలైంది. 2013 జులై 1న గూగుల్ దాన్ని మూసేసింది, వాడేవాళ్లు తగ్గిపోయారన్నది చెప్పిన కారణం. 2018 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు కూడా తనలో ఉన్న ఫీడ్ సదుపాయాన్ని తీసేసింది, దానికీ వాడకం మరీ తక్కువన్నదే కారణం. ఈ రెండు నిర్ణయాల తర్వాత ఒక అభిప్రాయం స్థిరపడింది: ఫీడ్లు కంప్యూటర్ తెలిసినవాళ్ల ముచ్చట, మామూలు జనానికి వాటి అవసరం లేదు. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. అవసరం లేక జనం రాకపోవడం వేరు, గుమ్మంలోనే తిప్పి పంపడం వేరు. ఇక్కడ జరిగింది రెండోది.

గుమ్మంలో ఏం జరుగుతుందో చూద్దాం. తాండూరులో నాపరాయి పాలిషింగ్ యూనిట్ నడిపే ఒక మనిషి ఎవరో చెప్పగా ఫీడ్ రీడర్‌ను ఫోన్లో వేసుకున్నాడనుకోండి. తెరిస్తే ఖాళీ తెర. ఒక మూల కూడిక గుర్తు. దాన్ని నొక్కితే ఒక పెట్టె తెరుచుకుని ఫీడ్ చిరునామా ఇమ్మంటుంది. రోజూ చూసే సైటు పేరు ఆయనకు తెలుసు, ఫీడ్ చిరునామా తెలియదు. వెతికి ఆ సైటులో నారింజ రంగు గుర్తు కనిపెట్టి నొక్కినా, బ్రౌజరులో కోణపు బ్రాకెట్ల మధ్య ఇరుక్కున్న పాఠం బారుగా వచ్చి పడుతుంది. ఏదో పాడైందనుకుని మూసేస్తాడు. అలా అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు, ఏ మనిషికైనా అలాగే అనిపిస్తుంది. ఇదంతా దాటుకుని లోపలికి వెళ్లినవాళ్లకు రెండో ఇబ్బంది ఎదురవుతుంది. చాలా రీడర్లు ఈమెయిల్ పెట్టెను చూసి తయారైనవి. ప్రతి అంశాన్నీ మీకు వచ్చిన ఉత్తరంలా లెక్కగట్టి, చదవనివి ఇన్ని వందలు ఉన్నాయని ఎదురుగా అంకె పెడతాయి. నాలుగు రోజులు ఊరెళ్లి వస్తే ఆ అంకె అప్పులా పెరిగి ఉంటుంది. ఆర్‌ఎస్‌ఎస్‌ను తీర్చిదిద్దినవారిలో ఒకరైన డేవ్ వైనర్ దీన్ని మొదటి నుంచీ వ్యతిరేకించారు. వార్తలు నదిలా పారుతూ ఉండాలి, వచ్చినప్పుడు ఒడ్డున నిలబడి చూడాలి, దాటిపోయినవాటికి లెక్క అక్కర్లేదన్నది ఆయన పద్ధతి. రీడర్లు తయారుచేసినవాళ్లలో ఎక్కువమంది ఆ మాట వినలేదు.

ఫీడ్లు జనానికి పట్టవన్న వాదనకు పాడ్‌కాస్ట్‌లే పెద్ద జవాబు. పాడ్‌కాస్ట్ అంటే శబ్దపు ఫైలు తగిలించిన ఫీడే. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌లకు చోటిచ్చినప్పుడు వినేవాళ్లను ఏ చిరునామా అడగలేదు. పేరు వెతుక్కో, నచ్చితే నొక్కు, కొత్త భాగం దానంతటదే వస్తుంది, అంతే. ఇవాళ ప్రపంచమంతా కోట్లమంది అలా వింటున్నారు. వాళ్లలో ఎక్కువమందికి తాము వాడుతున్నది ఫీడ్ రీడర్ అని తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఒకే సాంకేతికత, ఒకే కాలం. పాఠం విషయంలో ఓడింది, శబ్దం విషయంలో గెలిచింది. తేడా అంతా మొదటి అడుగులో ఉంది. పేర్ల జాబితాను ఎవరో ముందే తయారుచేసి పెట్టారు, చిరునామాల బాధ్యత తమ మీద వేసుకున్నారు.

దీనికి మన తెలుగులోనే ఇంకా దగ్గరి రుజువు ఉంది. 2006లో వీవెన్ లేఖినిని తయారుచేశారు. ఇంగ్లీషు కీబోర్డు మీద కొడితే తెలుగు అక్షరాలు వచ్చే పేజీ అది. అదే రోజుల్లో ఆయన మొదలుపెట్టిన కూడలి తెలుగు బ్లాగుల సంకలిని. అప్పటికి తెలుగు బ్లాగులు ఒక్కొక్కటే పుట్టుకొస్తున్నాయి. ఎవరెక్కడ రాస్తున్నారో తెలిసేది కాదు. కూడలి ఆ బ్లాగుల ఫీడ్లన్నీ తెచ్చి, కొత్త టపాలను ఒకే పేజీలో పైనుంచి కిందికి పేర్చింది. చదవడానికి వచ్చినవాళ్లు ఖాతా తెరవనక్కర్లేదు, దేన్నీ చేర్చుకోనక్కర్లేదు. పేజీ తెరిస్తే ఆ రోజు తెలుగువాళ్లు రాసినవన్నీ అక్కడుండేవి. తర్వాత జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు వచ్చాయి. డల్లాస్‌లో ఉన్న మనిషీ వికారాబాద్‌లో ఉన్న మనిషీ ఒకే కవిత కింద వాదించుకోవడం ఆ కాలంలో మామూలైంది. అలా చదివినవాళ్లలో ఎందరికో ఫీడ్ అన్న మాటే తెలియదు. వాళ్లంతా సాంకేతిక నిపుణులనడానికి వీల్లేదు. వాళ్లలో గృహిణులు, రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, విద్యార్థులు అందరూ ఉన్నారు. ఫీడ్ రీడర్ మామూలు తెలుగు పాఠకుడికి పట్టదని ఎవరైనా అంటే కూడలి చరిత్ర చూపిస్తే చాలు.

ఆ కాలంలోనే ఇంకో అడ్డంకి తొలగిన తీరు కూడా చెప్పుకోదగింది. అప్పట్లో చాలా తెలుగు పత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌లో ఉండేవి కావు, ఎవరి ఫాంటు వాళ్లది. ఆ పాఠం వాళ్ల సైటులో తప్ప ఇంకెక్కడ తెరిచినా పిచ్చిగీతల్లా కనిపించేది. 2003లో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున, పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను రాశారు. పేజీ తెరిచిన క్షణంలోనే అది ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేది. ఒకసారి వేసుకుంటే అది ఉన్న సంగతే మరిచిపోవచ్చు. లేఖిని, కూడలి, పద్మ మూడింటిలోనూ ఒక ఆలోచన ఉమ్మడిగా కనిపిస్తుంది. కష్టాన్ని పాఠకుడికి నేర్పించే ప్రయత్నం చేయలేదు, దాన్ని తెర వెనక్కి తీసుకుపోయారు. ఫీడ్ రీడర్లు తయారుచేసిన పెద్ద సంస్థలకు లేని ఈ తెలివిడి, ఖాళీ సమయంలో పనిచేసిన కొద్దిమంది తెలుగువాళ్లకు ఉంది. దీన్ని గర్వంగా చెప్పుకోవాలని నాకనిపిస్తుంది.

కూడలికి ఉన్న పరిమితి కూడా ఒప్పుకోవాలి. అది అందరికీ ఒకే పేజీ. బ్లాగులు వందల్లో ఉన్నప్పుడు అది చాలింది. రాసేవాళ్లు పెరిగి, తర్వాత వాళ్లే ఫేస్‌బుక్‌కు తరలిపోయాక ఆ పద్ధతి నిలవలేదు. పైగా అవన్నీ ఒకరిద్దరి ఓపిక మీద నడిచినవి. ఏ బ్లాగును ఉంచాలి, దేన్ని తీసేయాలన్న తగవులు కూడా వాళ్లే భరించాల్సి వచ్చింది. కాబట్టి కూడలిని ఉన్నదున్నట్టుగా మళ్లీ నిలబెట్టమని నేనడగడం లేదు. అది నేర్పిన పాఠాన్ని, అంటే నిండుగా ఉన్న తెరతో మొదలుపెట్టడాన్ని, ఒక్కో ఊరికీ ఒక్కో మనిషికీ సరిపోయేలా మలచాలి.

ఊరికి తగ్గట్టు మలచడం తెలుగు పత్రికలకు కొత్త కాదు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టినప్పుడు పత్రికారంగం ఆశ్చర్యపోయింది. పక్క ఊరి వార్త కోసం జనం పేపరు కొంటారని ఆ ప్రయోగం తేల్చింది, మిగతా పత్రికలన్నీ అదే బాట పట్టాయి. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి వికారాబాద్ వేరు జిల్లా అయ్యాక ఇక్కడి పాఠకులకు తమ జిల్లా పేజీలు దక్కాయి. కానీ జిల్లా అన్న గీత కూడా మనిషి అవసరానికి సరిగ్గా సరిపోదు. తాండూరు వ్యాపారికి కర్ణాటకలోని సేడం, చించోళి ఎంత దగ్గరో హైదరాబాద్ అంత దూరం. వికారాబాద్ జంక్షన్‌లో పొద్దున్నే రైలెక్కి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి రాత్రికి తిరిగొచ్చేవాడికి లింగంపల్లి కబురు కావాలి. ఉద్యోగ పరీక్షలకు చదివే అమ్మాయికి ఇంకొకటి కావాలి. ప్రభుత్వ ఉద్యోగాలకు జోన్లు ఏర్పరచిన 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో వికారాబాద్ జిల్లా జోగులాంబ జోన్‌లో ఉండేది. స్థానికుల ఆందోళన తర్వాత 2021లో చార్మినార్ జోన్‌కు మారింది. ఏ పోస్టుకు ఎవరితో పోటీ అన్నది ఈ ఒక్క మార్పుతో తారుమారైంది. ఇలాంటి కబురు నలుగురి నోట తిరిగి, సగం తప్పులతో చేరడం న్యాయం కాదు. ఒకే ఇంట్లో తండ్రికి కందుల ధర, కొడుక్కి రైలు వేళలు, కూతురికి నోటిఫికేషన్లు కావాలి. ఏ జిల్లా పేజీ ఈ మూడింటినీ సరిగ్గా ఇవ్వలేదు. మనిషిని బట్టి మారగల పరికరమే ఇవ్వగలదు.

మరి ఆ పరికరం మొదట ఏమడగాలి? ఏ ఊరు, ఏం పని, ఏయే భాషలు చదువుతారు, ఈ మూడు చాలు. తాండూరు, వ్యవసాయం, తెలుగు అని నొక్కగానే తెర నిండాలి. కేంద్ర ప్రకటనలు, జిల్లా యంత్రాంగం నోటీసులు, వాతావరణం, రెండు మూడు పత్రికల్లో తాండూరు పేరున్న వార్తలు, ఒకటో రెండో యూట్యూబ్ చానళ్లు ముందే అందులో ఉండాలి. వీటిలో చాలావాటికి ఫీడ్లు ఇప్పటికే ఉన్నాయి. కేంద్ర పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) తన ప్రకటనలకు ఫీడ్ ఇస్తోంది. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ సచేత్ పేరుతో ఇచ్చే హెచ్చరికలూ ఫీడ్‌గా వస్తాయి. వానాకాలంలో కాగ్నా నది ఒడ్డున ఉండేవాళ్లకు అవి ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. ప్రతి యూట్యూబ్ చానల్‌కూ పైకి కనిపించని ఫీడ్ ఉంది. వర్డ్‌ప్రెస్ మీద నడిచే సైట్లకు మామూలుగా అది పుట్టుకతోనే వస్తుంది, నడిపేవాళ్లకే తెలియకపోవచ్చు. తెలుగు వికీపీడియాలో తాండూరు వ్యాసంలో ఎవరు ఏ మార్పు చేసినా చెప్పే ఫీడ్ ఉంది. ఇన్ని ఉన్నా వాటి చిరునామాలు పట్టుకోవడం పాఠకుడి పని అనుకోవడమే ఇన్నాళ్ల పొరపాటు.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి, ఇవి బయటివాళ్లు తయారుచేసిన రీడర్లకు తట్టవు. రీడర్‌లో ఒక పేరున్న వార్తలే చూపించమని అడిగే సదుపాయం ఉంటుంది. ఇంగ్లీషులో అది బాగానే పనిచేస్తుంది. తెలుగులో తాండూరు అని ఇస్తే తాండూర్ అని రాసిన పత్రిక తప్పిపోతుంది. వికారాబాద్ అని ఇస్తే వికారాబాదులో, వికారాబాదుకు అన్నవి తప్పిపోతాయి. విభక్తులు పేరుకు అతుక్కుపోయే భాషలో, ఊళ్ల పేర్లను పత్రికకొక తీరుగా రాసే చోట, అక్షరం పొల్లుపోకుండా పోల్చి చూసే యంత్రం పనికిరాదు. పేరు మొదలు పట్టుకుని మిగతా రూపాలను అదే ఊహించాలి. ఇది పెద్ద పరిశోధన అడిగే పనేమీ కాదు. ఒక్కో జిల్లాకు మండలాల, ఊళ్ల పేర్లు, వాటి రూపాలు రాసి పెట్టుకుంటే చాలావరకు తీరిపోతుంది. శీర్షికలను నిర్ణీత అక్షరాల దగ్గర కోసేటప్పుడు వత్తునూ గుణింతాన్నీ విడదీసి కోయడం మరో లోపం. లైన్ల మధ్య ఎడం చాలక కింది వత్తులు తెగిపోవడం ఇంకొకటి. తాండూరులో చాలా ఇళ్లలో ఉర్దూ, కొన్ని ఇళ్లలో కన్నడ చదువుతారు. ఒకే జాబితాలో కుడి నుంచి ఎడమకు నడిచే ఉర్దూ శీర్షిక, దాని కింద తెలుగు శీర్షిక తిన్నగా కనిపించాలి. అక్షరం తడుముకునేవారికి నొక్కితే చదివి వినిపించాలి. వికారాబాద్ చుట్టుపక్కల అడవుల గుండా పోయే రైల్లో సిగ్నల్ వచ్చీపోతూ ఉంటుంది కనుక స్టేషన్లోనే అంతా దించుకుని దారిలో చదవనివ్వాలి. ఫీడ్ కొద్ది కిలోబైట్ల పాఠం మాత్రమే, వీడియోతో పోలిస్తే డేటా ఖర్చు లేనట్టే. ఇలా ముందే దించి పెట్టే పని ఫీడ్ చేసినంత తేలిగ్గా ఇంకేదీ చేయలేదు.

ఇక్కడ అందరూ వేసే మొదటి ప్రశ్న, వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకని. నిజమే, వాట్సాప్ గ్రూపు అంత తేలిక ఇంకోటి లేదు. మనకు తెలిసిన మనిషి పంపుతాడన్న నమ్మకమూ ఉంటుంది. కానీ ఫార్వర్డ్ అయిన మాటకు తల్లీతండ్రీ ఉండరు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎక్కడిదన్న మూడూ దారిలోనే రాలిపోతాయి. 2018 జులైలో బీదర్ జిల్లాలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్న వాట్సాప్ పుకారును నమ్మి, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక యువ ఇంజనీరును జనం కొట్టి చంపారు. బీదర్ మనకు పరాయి ఊరు కాదు, వికారాబాద్ జంక్షన్ నుంచి రైలు మార్గం అటే చీలుతుంది. అలాంటి హత్యలు దేశంలో వరసగా జరిగాకే, అదే నెలలో, ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ మన దేశంలో కట్టడి పెట్టింది. ఫీడ్ అబద్ధాన్ని ఆపుతుందని నేననను, అబద్ధం రాసే సైటుకూ ఫీడ్ ఉంటుంది. కాకపోతే ఫీడ్‌లో వచ్చే అంశానికి మామూలుగా తేదీ, ఎక్కడినుంచి వచ్చిందన్న వివరం వెంటే ఉంటాయి. నిజమా కాదా అని అడగదలిచినవాడికి ఎవర్ని అడగాలో తెలుస్తుంది. మంచి రీడర్ ఇంకో అడుగు వేసి, వార్తను వాట్సాప్‌లోకి పంపేటప్పుడు ఆ తేదీనీ మూలాన్నీ సందేశంలోనే కలిపి పంపాలి. వాట్సాప్‌ను వదిలేయమని ఎవరూ ఎవరికీ చెప్పలేరు, అందులోకి పోయేదాన్ని మాత్రం మెరుగుపరచవచ్చు.

2023 సెప్టెంబరులో మన దేశానికి వచ్చిన వాట్సాప్ చానళ్లు అచ్చం ఫీడ్లలాంటివే కదా అని ఇంకొకరు అడగవచ్చు. ఈ ప్రశ్న బలమైనది. పేరు వెతికి నొక్కితే చాలన్న సౌలభ్యం వాటికి ఉంది, ఫీడ్ రీడర్లు వాటి నుంచి నేర్చుకోవాలి కూడా. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఆ తలుపు ఒక్క సంస్థ చేతిలో ఉంది. అది రేపు నియమం మార్చినా, రుసుము పెట్టినా, మధ్యలో ప్రకటనలు దూర్చినా రైతు దగ్గరా కలెక్టరేట్ దగ్గరా ఇంకో దారి ఉండదు. గూగుల్ రీడర్ మూతపడినప్పుడు దాన్ని వాడేవాళ్లు తమ ఫీడ్ల జాబితాను ఒక చిన్న ఫైలుగా దించుకుని మరో రీడర్‌లోకి చేర్చుకోగలిగారు. రీడర్ పోయినా చదువు పోలేదు. మూసిన తలుపు వెనక పెరిగిన అలవాటుకు ఆ రక్షణ ఉండదు. ఫేస్‌బుక్, యూట్యూబ్‌ల సంగతీ అంతే. మనల్ని ఎక్కువసేపు కట్టిపడేసేది ముందుకొస్తుంది, మనం కావాలని అడిగింది వెనకబడుతుంది. దిగుమతి నోటిఫికేషన్ ఎవర్నీ కట్టిపడేయదు. అందుకే అక్కడ ఎప్పటికీ అడుగునే ఉంటుంది.

అభ్యంతరం మరో వైపు నుంచి కూడా వస్తుంది. ఏళ్లుగా ఫీడ్లు వాడుతున్నవాళ్లు, ఇలా తేలిక చేస్తే ఫీడ్‌కున్న అసలు విలువ పోతుందంటారు. ఎవరో ముందే పేర్చిన జాబితా ఇస్తే పాఠకుడు మళ్లీ ఇతరుల ఎంపికకే లోబడతాడు కదా అని వాళ్ల బాధ. ఆ బాధను నేను గౌరవిస్తాను. కానీ నిండుగా ఉన్న తెరలోంచి ఒకదాన్ని తీసేయడం, ఖాళీ తెరలోకి ఒకదాన్ని తెచ్చుకోవడం కన్నా చాలా తేలిక. ఇష్టం లేని వార్త మీద వేలు ఆనించి ఇకమీదట వద్దని చెప్పడం ఎవరికైనా వస్తుంది. ఎంపిక అక్కడే మొదలవుతుంది. నెల గడిచేసరికి ఆ జాబితా ఇచ్చినవాళ్లది కాకుండా తీసుకున్నవాళ్లది అవుతుంది. చిరునామా రాసే పెట్టె, వడపోత నియమాలు, జాబితాను దించుకునే మీట అన్నీ ఉండాలి. అడిగినవారికి కనిపించేలా ఒక మెట్టు లోపల ఉంటే చాలు.

ఆ తొలి జాబితా ఎవరు పేర్చాలన్నదే నిజంగా కష్టమైన ప్రశ్న. కూడలిని నడిపినవాళ్లు పడ్డ తగవులు ఇక్కడా తప్పవు. పార్టీకి చెందిన వాళ్లు పేరిస్తే పార్టీ వార్తలే వస్తాయి. సంస్థలు పేరిస్తే డబ్బిచ్చినవాళ్ల పేర్లు పైకొస్తాయి. నా దృష్టిలో దీనికి సరైన చోటు గ్రంథాలయం. ఏ పత్రికలు తెప్పించాలి, బల్ల మీద ఏవి పరవాలన్నది దశాబ్దాలుగా గ్రంథాలయాలు తీర్చుకుంటున్న ప్రశ్నే, అన్ని పక్షాల పేపర్లూ ఒకే బల్ల మీద ఉండాలన్న మర్యాద అక్కడ ఇప్పటికే ఉంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసిన నాటి నుంచి తెలంగాణలో గ్రంథాలయమంటే పుస్తకాల బీరువా ఒక్కటే కాదు, కబురు తెలిసే చోటు కూడా. పైగా దానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకూ జవాబుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయి మీదా ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతోంది. పోటీ పరీక్షలకు చదివే యువత గ్రంథాలయాలను నింపుతున్న కాలం ఇది. నోటిఫికేషన్ల జాడ వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. గ్రంథపాలకుడు, ఇద్దరు ముగ్గురు పాఠకులు నెలకోసారి కూర్చుని జిల్లా జాబితాను సవరించి, ఏం చేర్చారో ఏం తీశారో నోటీసు బోర్డు మీద పెడితే, ఆ ఎంపిక పది మంది ముందు జరిగినట్టే. నచ్చనివాళ్లు అక్కడే అడగవచ్చు.

పత్రికలు ఒప్పుకోవంటారా? పూర్తి పాఠం ఫీడ్‌లో ఇవ్వడానికి వాటికి కష్టమే, పేజీ తెరిస్తేనే ప్రకటనల ఆదాయం. శీర్షిక, రెండు వాక్యాలు, లంకె ఇస్తే చాలు, పాఠకుడు వాళ్ల పేజీకే వెళ్తాడు. ఇందులో వాళ్లకు పోయేదేమీ లేదు. అసలు చిక్కు ప్రభుత్వ కార్యాలయాలది. వాటికి ప్రకటనల బెంగ లేదు, చెప్పాల్సిన బాధ్యతే ఉంది. కానీ నోటీసును టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర వేసి, స్కాన్ చేసి, బొమ్మగా వెబ్‌సైటులో పెట్టే పద్ధతి ఇంకా పోలేదు. ఆ బొమ్మలో ఉన్న తాండూరు అన్న మాటను యంత్రం ప్రతిసారీ నమ్మకంగా చదవలేదు, చూపులేనివారికి ఫోను సరిగ్గా చదివి వినిపించకపోవచ్చు. సంతకమున్న స్కాన్‌ను మానేయమని అడగడం లేదు, చట్టం దృష్టిలో దాని అవసరం దానికుంది. దాని పక్కనే యూనికోడ్ తెలుగులో ఒక్క వాక్యం ఉండాలి: విషయం ఏమిటి, ఏ మండలానికి, ఆఖరు తేదీ ఎప్పుడు. ఆ వాక్యాన్ని టైపు చేయగల ఉద్యోగి ప్రతి కార్యాలయంలోనూ ఉన్నారు. ఎలాగూ ఆ నోటీసును మొదట కంప్యూటర్ మీద టైపు చేసింది వాళ్లే.